ఏ పడవ ఎక్కాలి

2008 జనవరి 18

వాసిం ఇవాళ దుకాణం తొందరగా కట్టేసి ఇంటికొచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. నీళ్ల మోటార్ల కంపెనీవాళ్లు బాగా అమ్మిన డీలర్లను ఫుకెట్ తీసుకెళ్తున్నారట, భార్యలతో సహా. వేమూరు, పిట్టలవానిపాలెం రైతులు ఈ ఏడాది అన్ని మోటార్లు కొన్నారన్నమాట. ఆ ఊరు ఎక్కడుందని అడిగాను. గోడ మీది క్యాలెండరు వెనక్కి తిప్పి పెన్నుతో గీసి చూపించాడు. ఇదిగో తెనాలి, ఇది సముద్రం, ఇది అవతలి ఒడ్డు. సముద్రం ఉన్నచోట ఏమీ గీయకుండా వదిలేశాడు.

అక్కడ ఏముందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం జిలేబీ తిన్నాం.

జనవరి 21

కంపెనీ తరఫున టూరు చూసే కుర్రాడు, రాహుల్ అట, ఫోన్ చేశాడు. అక్కడ ఒక రోజు మన ఇష్టమట. ఏ ట్రిప్పు కావాలో మార్చి మొదటి వారంలోపు చెప్పేయాలట. రంగుల కాగితం కూడా పంపారు. అందులో మూడున్నాయి. ఒకటి బస్సు: పెద్ద బుద్ధుడు, ఏనుగులు, షాపింగు. రెండోది చిన్న స్పీడు బోటు. మూడోది పెద్ద పార్టీ బోటు. అందులో పాటలు, డాన్సులు, భోజనం, దారిలో సముద్రం మధ్య ఆపి స్నోర్కెలింగ్.

అదేంటని అడిగితే వాసిం రాహుల్ చెప్పినట్టే చెప్పాడు. ముఖానికి అద్దం కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద బోర్లా పడుకోవడమట. కింద చేపలు కనపడతాయట.

నీళ్ల మీద బోర్లా పడుకోవడం. దానికోసం జనం అంత దూరం వెళ్తారా!

ఏది కావాలని వాసిం అడిగాడు. బస్సన్నాను. నీ ఇష్టం అన్నాడు. నాకు సముద్రమంటే భయమేం లేదు. బస్సులో అయితే కిటికీ పక్కన కూర్చోవచ్చు, అంతే.

జనవరి 22

భయం లేదు.

జనవరి 27

ఇవాళ తెనాలి స్టేషన్లో బాజీని చూశాను. బాజీ కాదులే. రేపల్లె పాసింజరు దిగి వెళ్తున్న ఎవరిదో వీపు. ఎడమ భుజం కొంచెం కిందికి, మెడ మీద ఎండకి కమిలిన గీత. ఫుట్‌బ్రిడ్జి దాకా వెంటపడి వెళ్లి ముఖం చూశాను. ఎవరో పెద్దమనిషి. ఏం కావాలమ్మా అని అడిగాడు. టైమెంతయిందని అడిగి వచ్చేశాను. నా చేతికి వాచీ ఉంది, ఆయన దాని వంకే చూస్తున్నాడు. ఏం తెలివి నాది!

వాసిం టికెట్ల క్యూలో ఉన్నాడు. నేను వెళ్లడం చూశాడో లేదో తెలియదు. అతనికీ ఒక అలవాటుంది, ఎక్కడికెళ్లినా వచ్చేపోయే మొహాలన్నీ చూస్తుంటాడు. దుకాణదారుడి అలవాటనుకుంటా.

ఇది రాసి తీరాలి, రాస్తే పోతుందేమో. బాజీ నా మొదటి భర్త. నిజాంపట్నంలో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఆరేళ్ల కిందట సీమోను అనే జాలరి పడవకి ఇంజను బిగించి, ఎలా నడుస్తుందో చూసొస్తానని దాంతోపాటే సముద్రం మీదికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. సాయంత్రానికి గాలివాన. పడవ రాలేదు, మనుషులు రాలేదు, ఒక చెక్క ముక్క కూడా ఒడ్డుకి కొట్టుకు రాలేదు.

శవం లేదు కాబట్టి నేను విధవను కాను. ఖాజీ గారు నాలుగేళ్లు ఎదురుచూడమన్నారు. చూశాను. చనిపోయినట్టే లెక్క అన్నారు. ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, ఇంట్లోనే కూర్చున్నాను. ఆ తర్వాత వాసింతో నికాహ్ అయింది. అతనికి నలభై దాటాయి, అదే మొదటి పెళ్లి. ఆ రోజు ఖాజీ గారిని పక్కకి పిలిచి, ఒకవేళ బాజీ తిరిగొస్తే ఏంటండి అని అడిగాను. మొదటి నికాహే నిలుస్తుందమ్మా, నువ్వు అతని దగ్గరికి వెళ్లిపోవాలి అన్నారు. పెళ్లికూతురు అడగాల్సిన ప్రశ్నేనా అది!

బాజీ బతికుంటే ఈ ఇంట్లో నేనెవరిని? ఆ ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 3

రేపల్లె వెళ్లొచ్చాను. నెలకోసారి వెళ్తాను, బాజీ వాళ్లమ్మని చూడటానికి. వాసిం ఏమీ అనడు, తోడు వచ్చి స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటాడు. ఇంట్లోకి మాత్రం రాడు.

అమ్మీ ఇంట్లో బాజీ పేరు మీద ఫాతెహా చదివించరు. షబే బరాత్‌కి హల్వా చేసి పోయినవాళ్ల పేర్లన్నీ చెబుతారు, అతని పేరు చెప్పరు. చచ్చిపోయినవాళ్లకే కదా చదివేది అంటుంది ఆమె. తల్లి కాబట్టి అంటుంది. మరి నేను? ఇంకొకరిని చేసుకున్నదాన్ని, నేనూ ఇంతవరకూ చదివించలేదు. నాకేం రోగం?

ఇవాళ ఆమె కళ్లు వెలిగిపోతున్నాయి. నిజాంపట్నం జాలరి పౌలు తిరిగొచ్చాడట. ఇంజను చెడి పడవ కొట్టుకుపోతే అవతలి దేశంవాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారట, ఇన్నాళ్లకి వదిలారట. పౌలు బాజీని చూడలేదు. ఎవరూ చూడలేదు. అయినా ఆమెకి పౌలు రావడమే చాలు. కొందరు జైళ్లలో ఉన్నారని, కొందరు అక్కడి పల్లెల్లో పనులు చేసుకుంటూ ఉండిపోయారని పౌలు చెప్పాడట.

ఫుకెట్ సంగతి నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నోరు ఊరుకోదు కదా.

అమ్మీ నా రెండు చేతులూ పట్టుకుంది. “అటే వెళ్తున్నారుగా. వాడి కోసం చూడు బేటీ.”

ఫిబ్రవరి 4

కల. బాజీ మా తెనాలి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. లోపలికి రాలేదు. కింద చూసి, ఈ చెప్పులెవరివి అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగా. అన్నం వండావా అని అడిగినట్టు.

పొద్దున లేచి వాసిం చెప్పులు తీసి మంచం కింద పెట్టాను. దుకాణానికి వెళ్లేటప్పుడు పాపం ఇల్లంతా వెతుక్కున్నాడు.

ఫిబ్రవరి 10

బస్సే. ఖాయం.

ఫిబ్రవరి 17

బాపట్ల వెళ్లాం. అక్కడి డీలరు వెంకటకృష్ణయ్య గారు, భార్య తులసి గారు కూడా ఫుకెట్ వస్తున్నారు. తులసి గారు నాకంటే పదేళ్లు పెద్ద. మనిషి నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. సముద్రం అలవాటు చేసుకుందాం రండమ్మాయ్ అని అందర్నీ కారెక్కించి సూర్యలంక తీసుకెళ్లింది. ఈత రాని మేం నలుగురం చీలమండల లోతులో నిలబడ్డాం. ఇదీ మా అలవాటు చేసుకోవడం.

అక్కడే ట్రిప్పు మీద పంచాయితీ. వెంకటకృష్ణయ్య గారికి పెద్ద పడవే కావాలి, అందులో మందు పోస్తారట. అందుకే వద్దంది తులసి గారు. వాసిం మా ఇద్దరికీ బస్సే అన్నయ్య గారూ అన్నాడు. నేను నీళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. దూరంగా ఒక మరపడవ పోతోంది. నాకు తెలియకుండానే ఆ చప్పుడుకి చెవి పెట్టాను. బాజీ చప్పుడు వినే ఇంజను జబ్బు చెప్పేసేవాడు. ఇది దగ్గుతోంది వజీరా, డీజిలు గొట్టంలో గాలి పట్టింది అనేవాడు. నాకూ నేర్పాడు. ఎందుకు నేర్పావు బాజీ? నాకెందుకా విద్య?

తులసి గారు కళ్లజోడు పెట్టుకుని కాగితం పైకి చదువుతోంది. పెద్ద పడవవాళ్లు మధ్యాహ్నం భోజనానికి నీళ్ల మీద కట్టిన ఒక ఊళ్లో ఆపుతారట. ఆ ఊరి జనమంతా ముస్లింలట, చేపలు పడతారట, మసీదు కూడా ఉందట. మీకు తిండికి ఇబ్బంది లేదులే వజీరా అంది.

పెద్ద పడవే వెళ్దాం అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు. కొట్టుకుపోయిన మనిషి, ఊరు కాని ఊళ్లో, ఎవరింటి తలుపు తడతాడు? మసీదు ఎక్కడుందో అక్కడికే పోతాడు.

ఫిబ్రవరి 18

పెద్ద పడవ ఎందుకంటే, హలాల్ భోజనం దొరుకుతుంది. పైగా తులసి గారు తోడుంటుంది. పాటల హోరులో ఇంజను చప్పుడు వినపడదు. ఇన్ని మంచి కారణాలున్నాయి.

ఫిబ్రవరి 26

నిజంగా ఆ పడవేనా అని వాసిం ఇవాళ మళ్లీ అడిగాడు. తాగుతారు, గంతులేస్తారు, నువ్వు తట్టుకోగలవా అన్నాడు. అన్నీ నా ఇష్టమేనా, మీకు ఇష్టాలుండవా అని అరిచాను. కూరలో ఉప్పు ఎంతుండాలో కూడా నన్నే అడిగే మనిషి. నా మీద అధికారం లేనట్టు ఉంటాడు. పెళ్లయి ఏడాది దాటింది, ఇప్పటికీ ఈ ఇంట్లో చుట్టం మాదిరి తిరుగుతాడు. అతని ఇంట్లో అతనే.

తువ్వాలు మడత పెడుతూ, “నువ్వు చూడాలనుకున్నది చూసిరావాలి కదా,” అన్నాడు.

చేపల గురించే అయ్యుంటుంది.

మార్చి 4

పెద్ద పడవ. ఇద్దరికీ. రాహుల్‌కి ఫోన్ చేసి చెప్పేశాడు.

మార్చి 6

ఇంట్లో డీజిలు వాసన. మా దుకాణంలో ఉండేవన్నీ కరెంటు మోటార్లు, డీజిలు ఎక్కణ్ణుంచి వస్తుంది? వంటింట్లో, పక్క గుడ్డల్లో, నా జడలో కూడా. వాసింని అడిగితే నాకేం రావట్లేదే అన్నాడు. ఇల్లంతా ఫినాయిలుతో కడిగాను. బాజీ, వస్తే రా. లేకపోతే వెళ్లిపో. ఈ వాసనేంటి?

మార్చి 10, ఫుకెట్

వచ్చాం. విమానంలో తులసి గారు కళ్లు మూసుకుని నా చెయ్యి నలిపేసింది. కింద సముద్రం. ఎంతసేపటికీ అదే. ఇంత నీళ్లలో మనిషిని ఎవరు వెతుకుతారు?

రేపు పడవ.

మార్చి 11

అన్నీ వరసగా రాస్తాను.

పడవ రెండంతస్తులు. ఎక్కగానే మెడలో పూలదండలు వేశారు. చెవులు చిల్లులు పడేలా పాటలు. వెంకటకృష్ణయ్య గారు గ్లాసు పట్టుకుని డాన్సు మొదలుపెట్టారు, తులసి గారు ఆయన చొక్కా పట్టుకుని లాగుతూ లాగుతూ తనూ ఆడింది. నేను రెయిలింగ్ పట్టుకుని కూర్చున్నాను. అంత హోరులోనూ కాళ్ల కింద ఇంజను వినపడుతూనే ఉంది. చెవుల్తో కాదు, అరికాళ్లతో.

ఒక దీవి దగ్గర ఆపి అందరికీ అద్దాలూ గొట్టాలూ ఇచ్చారు. పంజాబీ డ్రెస్సు మీదే లైఫు జాకెట్టు కట్టుకుని మెట్లు దిగాను. దిగుతానని ఎవరూ అనుకోలేదు. ముఖం నీళ్లలో పెట్టాను. పాటలు ఆగిపోయాయి. నా ఊపిరి ఒక్కటే, గొట్టంలో, ఎవరో పక్కన పడుకుని గురకపెడుతున్నట్టు. కింద ఇసుక, పసుపు చారల చేపలు, ఇసుక మీద నా నీడ. నేను చేపల కోసం దిగలేదు. అతను కనిపిస్తాడని కూడా కాదు. ఏదైనా. ఒక స్పానరు. ఒక చొక్కా గుండీ. ఆ సముద్రం వేరు, ఈ దీవి వేరు, నాకు తెలియదా? అయినా వెతికాను.

తల ఎత్తితే పక్కన వాసిం. ఈత రాదు, నీళ్లంటే హడలు, పడవ తాడు రెండు చేతులా పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి ఉన్నాడు. ఎంతకీ లేవడు. భయమేసి భుజం తట్టాను.

తర్వాత ఆ ఊరు. సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద ఇళ్లు, మధ్యలో మసీదు. అజాన్ వినపడగానే నాకు ఏడుపొచ్చింది. భోజనానికి చేపలు, రొయ్యలు పెట్టారు. నేను తినలేదు. ప్రతి మగవాడి మొహమూ చూశాను. వల అల్లేవాళ్లని, పళ్లు అమ్మేవాళ్లని, నమాజుకి ముందు వజూ చేస్తూ కాళ్లూ చేతులూ కడుక్కుంటున్న ముసలివాళ్లని కూడా. ఆరేళ్లలో మనిషి ఎంత మారతాడు?

తిరిగి పడవెక్కాక ఇంజను కదల్లేదు. దగ్గి ఆగింది. మళ్లీ దగ్గింది. గాలి పట్టిందని నాకు తెలిసిపోయింది. పాటలు ఆపేశారు. ఊళ్లోంచి ఒక మెకానిక్కుని పిలిచారు. లుంగీ, తలకి గుడ్డ, నాకు వీపు మాత్రమే కనపడింది. ఎడమ భుజం కొంచెం కిందికి. ఇంజను గది మూత ఎత్తి లోపలికి దిగిపోయాడు.

వెళ్లి ఆ మూత పక్కన నిలబడ్డాను. కింద చీకటి, డీజిలు వాసన, ఇనుము మీద స్పానరు చప్పుడు. రెండు దెబ్బలు, ఆగి ఒక దెబ్బ. బాజీ అలాగే కొడతాడు. మెకానిక్కులందరూ అలాగే కొడతారేమో, నాకేం తెలుసు? నాకు తెలిసింది బాజీ ఒక్కడే.

ఇప్పుడు రాయాల్సింది రాయాలి.

అతను పైకి రాబోతున్నాడు. నా పెదాలు ఏదో అంటున్నాయి. ఆరేళ్లుగా దువా చేస్తున్నాను, బాజీని బతికించు, బాజీని చూపించు అని. అదే అంటున్నాననుకున్నాను. నా మాట నా చెవిన పడింది. యా అల్లా, ఇతను కాకూడదు. బాజీ కాకూడదు. ఒకసారి కాదు, ఆగకుండా అదే.

ఇంజను అందుకుంది. అతను చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. ముందు పళ్ల మధ్య సందు. నన్ను చూసి నవ్వాడు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అప్పుడు చూశాను, మూతకి అవతలి వైపు వాసిం నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కాదు,” అన్నాడు.

ఎవరు కాదని అడిగాను. అతను ఎవరి గురించి అంటున్నాడో నాకు నిజంగానే అర్థం కాలేదు.

“నేనూ చూస్తున్నాను వజీరా. నికాహ్ అయిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. రైళ్లలో, బజార్లో, నమాజు వరసలో. పొద్దున నీళ్లలో దిగింది కూడా అందుకే. కనపడితే నిన్ను అప్పజెప్పాలి కదా.”

ఏడాదిగా నా పక్కన పడుకుంటున్న మనిషి నాతో సమానంగా వెతుకుతున్నాడు. నేను ఒక్కదాన్నే అనుకున్నాను. నాకు జాలి రావాలి. రాలేదు. ఒళ్లు మండిపోయింది.

“పడవకి నా ఇష్టం అడిగారు. నన్ను అప్పజెప్పడానికి అడగరా?” అన్నాను.

పాటలు మళ్లీ మొదలయ్యాయి. తులసి గారు వచ్చి, ఏంటమ్మాయ్ నేల మీద కూర్చున్నావు, కళ్లు తిరిగాయా అని నిమ్మరసం ఇచ్చింది. తాగాను.

మార్చి 12

నేను బాజీ చావు కోరుకున్నానా? అదేనా నేనన్నది? కాకూడదు అనడం, చచ్చిపోవాలి అనడం ఒకటేనా?

ఒకటే.

కాదు.

మార్చి 15, తెనాలి

వాసిం ఇవాళ కూరలో ఉప్పు తక్కువైందని అన్నాడు. అని, నా వంక భయంగా చూశాడు. వేశాను.

డీజిలు వాసన పోలేదు. అలాగే ఉంది. ఉండనీ.

మార్చి 16

రేపల్లె. పాసింజరులో వాసిం నా పక్కనే కూర్చున్నాడు. వేమూరు దాటాక, నేనూ అమ్మీ ఇంట్లోకి రానా అని అడిగాడు. ఇవాళ వద్దన్నాను, ఈ మాట నేనొక్కదాన్నే చెప్పాలన్నాను. బెంచీ మీద కూర్చున్నాడు.

అమ్మీ గుమ్మంలోనే ఉంది. నేను రాకముందే టీ పెట్టి ఉంచింది. ఫుకెట్ నుంచి తెచ్చిన శాలువా ఇస్తే మడత కూడా విప్పలేదు. ఆ ఊరి సంగతి చెప్పాను, మసీదు సంగతి, ప్రతి మొహమూ చూసిన సంగతి. ఇంజను గది సంగతి కూడా చెప్పాను. అక్కడ నేనన్న మాట తప్ప అన్నీ చెప్పాను. ఆమె ఎంతో శ్రద్ధగా వింది. ఆ కుర్రాడి పళ్లెలా ఉన్నాయో రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. బాజీకి పళ్ల మధ్య సందు లేదని ఆమెకి తెలియదా, అయినా అడిగింది.

అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. ఇంకా వెతుకుతాను అమ్మీ, మళ్లీ వెళ్తాను అమ్మీ అని. ఆరేళ్లుగా చెబుతున్నదే, ఇంకోసారి చెబితే ఏం పోతుంది? నోటిదాకా వచ్చింది కూడా.

ఆమె గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని ముఖంలోకి చూసింది.

“వాడు దొరికుంటే ఏం చేసేదానివి?”

“మీ దగ్గరికి పంపేదాన్ని అమ్మీ.”

గోడవతల ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె నా చెయ్యి వదల్లేదు.

“మరి నువ్వు?”

“నేను తెనాలి వెళ్లిపోయేదాన్ని.”